నాన్న దగ్గర నోరెత్తడు

నేను చపాతీ పిండి కలుపుతుంటే ఖయ్యూమ్ వెనకనుంచి వచ్చి నా ఎడమ మోచేతి పైన కొరికాడు.

చెయ్యి లాక్కోలేదు. లాక్కుంటే చర్మం చీరుతుంది. వాడి నోటి వైపే నెమ్మదిగా నొక్కాను. అలా నొక్కితే దవడ దానంతటదే వదులవుతుంది. కాసేపటికి వదిలాడు. పళ్ళు దిగిన చోట రక్తం చుక్కలు చుక్కలుగా పైకి వచ్చింది. అది పిండిలో పడకుండా చెయ్యి పక్కకి పెట్టి, రెండో చేత్తో కలపడం పూర్తి చేశాను.

"మళ్ళీనా?" అంది మా అత్త రసూల్‌బీ, పెరటి గడప మీద కూర్చుని కోళ్ళకి నూకలు చల్లుతూ. "నీ దగ్గరే వాడి వేషాలన్నీ. నాన్న దగ్గర నోరెత్తడు. అక్కడ పిల్లాడు పిల్లాడిలాగే ఉంటాడు."

ఖయ్యూమ్‌కి ఏడేళ్ళు. మూడేళ్ళు నిండేదాకా మాట రాలేదు. వచ్చాక కూడా సొంత మాట ఒక్కటీ లేదు. ఎక్కడో విన్న మాటని, విన్న గొంతుతోనే, ఎప్పుడో ఒకప్పుడు అప్పజెబుతాడు. అన్నం తింటూ తింటూ బస్సు కండక్టరు గొంతుతో "చిల్లకల్లు, చిల్లకల్లు దిగేవాళ్ళు ముందుకి రండి" అంటాడు. స్నానం చేయిస్తుంటే "మీ వాణ్ణి రేపట్నుంచి పంపకండి మేడమ్, మిగతా పేరెంట్స్ గొడవ చేస్తున్నారు" అంటాడు. అది వాడి స్కూలు ప్రిన్సిపాల్ గొంతు. స్వరం తగ్గించి, కాస్త నవ్వు కలిపి, ఆవిడ ఎలా చెప్పిందో అలాగే. మొదటిసారి విన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. రెండోసారి చెంబు కింద పెట్టి ఏడ్చాను.

డాక్టర్లు దీన్ని ఆటిజం అన్నారు. మా ఇంట్లో దీనికి వేరే కారణాలున్నాయి. కడుపుతో ఉన్నప్పుడు కుట్టుమిషన్ తొక్కాను కాబట్టి ఆ అదురుకి పిల్లాడి మెదడు కదిలిందని అత్త నమ్మకం. ఫోన్ చేతికిచ్చి చెడగొట్టానని నా మొగుడు సర్ఫరాజ్ నమ్మకం. "మా వైపు ఎవరికీ లేదమ్మా ఇది" అంటారు మా బావగారు పీరా, మర్యాదగా, తలుపు వైపు చూస్తూ. ఆ కుట్టుమిషనే ఇప్పటికీ తొక్కుతున్నాను. జగ్గయ్యపేటలో మా వీధి ఆడవాళ్ళ జాకెట్లు సగం నా చేతి మీదుగానే పోతాయి. వాడు ఎవరి జాకెట్టన్నా కత్తిరిస్తే తిట్లు నాకు. కొరికితే గాయం నాకు, కొరికించుకున్నందుకు తప్పూ నాదే. నడివేసవిలో కూడా మణికట్టు దాకా చేతులున్న జాకెట్లే వేసుకుంటాను. 'మీ కోడలు భలే పద్ధతిగా ఉంటుందమ్మా' అని ఎవరో అంటే అత్త మురిసిపోయింది కూడా.

స్కూలు వాళ్ళు వద్దన్నాక సర్ఫరాజే ముందుకొచ్చాడు. హైవే మీద, చిల్లకల్లు దగ్గర, ఆయనకి లారీ టైర్ల పంక్చర్ షాపు ఉంది. "నాతో తీసుకెళ్తా. నీకు చేతకాదు గానీ నేను దారిలో పెడతా" అన్నాడు. పొద్దున బండి మీద తీసుకెళ్ళాడు. సాయంత్రం తీసుకొచ్చాడు. బండి దిగిన పిల్లాడు గోడకి ఆనుకుని నిలబడ్డాడు. చప్పుడు లేదు. నాన్న కదలమంటే కదిలాడు. తినమంటే తిన్నాడు. వీధంతా చూసింది. మగాడి అజమాయిషీ అంటే అలా ఉంటుందంది. ఆయన స్నానానికి వెళ్ళిన మరుక్షణం వాడు నా మీద పడ్డాడు. జుట్టు పట్టి వంచాడు, చెంప రక్కాడు, తలతో నా దవడ మీద పొడిచాడు. ఆయన తలుపు తీసుకుని బయటికి వచ్చేసరికి మళ్ళీ గోడకి ఆనుకుని నిలబడ్డాడు. రోజూ ఇదే వరస. ఆ కొడుకుని నా మొగుడు ఎప్పుడూ చూడలేదు. నేను కట్టుకథలు చెబుతున్నానన్నాడు. గాట్లు చూపిస్తే, నువ్వేం చేస్తే అలా చేశాడో అది చెప్పు ముందు అన్నాడు.

నందిగామలో పిల్లల సైకాలజిస్టు ఒకామె వారానికోసారి వస్తుందని తెలిసి, బతిమాలి ఇద్దర్నీ తీసుకెళ్ళాను. పేరు జెరూషా. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. కుర్చీ వదిలేసి నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. చాలా సంగతులు చెప్పింది. కొరికినప్పుడు చెయ్యి లాగకూడదని ఆవిడే నేర్పింది. ఏ పనైనా మార్చేముందు వాడికి చెప్పి మార్చమంది. పెద్ద శబ్దాలు వాడి చెవికి మనకంటే ఎన్నో రెట్లు పెద్దగా వినిపిస్తాయంది. కొరుక్కోవడానికి మెత్తటి రబ్బరు ఉంగరం ఇచ్చి మెళ్ళో వేయమంది. ఆ గంటసేపూ ఖయ్యూమ్ నాన్న పక్కన చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఒక్కసారి కూడా ముందుకీ వెనక్కీ ఊగలేదు. "నాన్న దగ్గర బాగా కుదురుగా ఉన్నాడే" అని జెరూషా మెచ్చుకుంది.

తిరుగు బస్సులో సర్ఫరాజ్ మొహం వెలిగిపోయింది. "విన్నావా? చదువుకున్న పిల్ల కూడా అదే చెప్పింది. లోపం ఎక్కడుందో తేలిపోయింది." తర్వాత వాడి మెళ్ళో ఉంగరం తెంపి కిటికీలోంచి విసిరేశాడు. "కుక్కపిల్లా వీడు, పట్టీ కట్టడానికి?"

లోపం నాలోనే ఉందని నాకూ అనిపించడం మొదలైంది. పదిమంది ఒకే మాట అంటే అది మన మాట అయిపోతుంది. నేనే మెత్తనిదాన్నేమో, నేనే అలుసిచ్చానేమో అని మిషన్ తొక్కుతూ రోజంతా ఆలోచించేదాన్ని. అసలు ఈ ఇంట్లో అందరూ విసుగు దించుకునే చోటు నేనే కదా. డ్రైవర్లతో గొడవపడొస్తే ఆయన కంచం నా మీద విసురుతాడు. మోకాళ్ళు నొప్పెడితే అత్త మా అమ్మానాన్నల్ని తిడుతుంది. వాళ్ళని చూసి వాడూ నేర్చుకున్నాడు, అంతే అనుకున్నాను.

వాడు నా చెయ్యి కొరికిన ఆ సాయంత్రమే అత్త పెంచుకునే పెట్ట చచ్చిపోయింది.

చపాతీలు ఒత్తుదామని కర్ర కోసం చూస్తే లేదు. పెరట్లోంచి చప్పుడు వస్తోంది. ధబ్. కాస్త ఆగి, ధబ్. వెళ్ళి చూశాను. కోళ్ళ గంప బోర్లించి ఉంది. లోపల పెట్ట కొట్టుకుంటోంది. ఖయ్యూమ్ గంప పక్కన నిలబడి, చపాతీ కర్ర రెండు చేతులా పట్టుకుని గంప మీద కొడుతున్నాడు. లోపల పెట్ట అరిచినప్పుడల్లా ఒక దెబ్బ. అరవకపోతే ఆగుతున్నాడు. అరిస్తే కొడుతున్నాడు.

"అరుస్తావా? అరుస్తావా? పిలువు మీ అమ్మని. పిలువు. వస్తుందేమో చూద్దాం."

ధబ్.

"ఆ, రెండు నిమిషాలన్నా, అయిపోతుంది."

ధబ్.

ఆ గొంతు వాడిది కాదు. ఎవరిదో పెద్దవాళ్ళది, బొంగురుగా, విసుగ్గా ఉంది. చివరి మాట వాళ్ళ నాన్న షాపులో బేరానికి వచ్చినవాళ్ళతో అనేదే. మిగతావి ఏ టీవీలోనో విన్నవి కలిపేస్తున్నాడనుకున్నాను. గంప వెదుళ్ళు విరిగి లోపలికి దిగాయి. నేను వెనకనుంచి వాణ్ణి పట్టుకునేసరికి పెట్ట అరవడం మానేసింది. గంప ఎత్తి చూస్తే మెడ పక్కకి వాలిపోయి ఉంది.

అత్త గుండెలు బాదుకుంది. వీధి జనం గోడ మీంచి చూశారు. పిల్లాణ్ణి ఇంట్లో దింపి మళ్ళీ బజారుకి వెళ్ళిన సర్ఫరాజ్ అప్పుడే బండి దిగాడు. ఆయన ఖయ్యూమ్‌ని తిట్టలేదు, కొట్టలేదు. అలా చూశాడంతే. వాడి చేతిలోంచి కర్ర జారిపోయింది. నిక్కరు తడిసింది, కాళ్ళ వెంట కారింది. అత్త అది చూసి ఏదో అనబోయి, మొహం తిప్పుకుంది. సర్ఫరాజ్ నా వైపు తిరిగి చెంప మీద కొట్టాడు. తల వెళ్ళి గుంజకి తగిలింది.

"ఇవాళ కోడి. రేపు ఇంకొకళ్ళ పిల్ల. ఆదివారం తీసుకెళ్ళి వదిలేస్తా. హైదరాబాద్ అవతల ఒక హాస్టల్ ఉందట. ఇలాంటోళ్ళని కట్టేసి పెట్టుకుంటారట. పండక్కి వెళ్ళి చూడొచ్చులే."

"కట్టేస్తారా?" అన్నాను.

"నువ్వు కట్టెయ్యలేకపోయావు కాబట్టే."

మర్నాడు జెరూషా నందిగామ వచ్చే రోజు. సర్ఫరాజ్ ఎప్పటిలాగే పిల్లాణ్ణి బండి మీద ఎక్కించుకుని వెళ్ళాడు. జాకెట్లు ఇచ్చొస్తానని అత్తకి చెప్పి నేను నందిగామ బస్సెక్కాను. ఆదివారం లోపల ఎవరైనా పెద్దవాళ్ళు ఆయనకి చెప్పి ఆపాలి. చదువుకున్న పిల్ల చెబితే వింటాడని నా ఆశ.

జెరూషా నా చెంప చూసింది గానీ దాని గురించి అడగలేదు. కోడి సంగతి విన్నాక మాత్రం ముందుకి వంగింది.

"కోడిని కొట్టాడా, గంపని కొట్టాడా?"

"గంపనే మేడమ్."

"కోడిని చేత్తో పట్టుకున్నాడా? పీకడం, నులమడం?"

"లేదు. అది అరిస్తే పైనుంచి కొడుతున్నాడు. ఊరుకుంటే ఊరుకుంటున్నాడు."

"కొడుతూ ఏమన్నాడు? వాడు ఎలా అన్నాడో అలాగే చెప్పండి. గొంతు కూడా."

చెప్పాను. "అరుస్తావా? అరుస్తావా?" అన్నాను. వాడిలాగే గొంతు బొంగురు చేశాను. వాడు సాగదీసిన చోట సాగదీశాను. "పిలువు మీ అమ్మని..." అనేసరికి నా నోట్లోంచి నా మొగుడి గొంతు వచ్చింది. ఎనిమిదేళ్ళుగా కూరలో ఉప్పు గురించీ, ఇస్త్రీ మడత గురించీ ఆ సాగదీతే వింటున్నాను. నేను సగంలో ఆగిపోయాను.

జెరూషా నా చెయ్యి పట్టుకుంది. "రేహానా గారూ, వాడు మాటలు పుట్టించలేడు. విన్నవే చెబుతాడు. జరిగిందే ఆడతాడు. నిన్న కోడి ఉన్నలాంటి చోటే వాడు రోజూ ఉంటున్నాడు. పోయినసారి నేను పొరపాటు పడ్డా. కుదురుగా ఉన్నాడనుకున్నా. కుదురు కాదండి అది, బిగుసుకుపోవడం. పగలంతా బిగబట్టుకున్నది వాడు మీ దగ్గరికొచ్చి వదులుతున్నాడు. మీరు తిరిగి కొట్టరని వాడికి తెలుసు. వాడిప్పుడు ఎక్కడున్నాడు?"

"షాపులో. వాళ్ళ నాన్న దగ్గర."

ఆవిడ బ్యాగు కూడా తీసుకోలేదు. స్కూటీ తాళాలు తీసుకుంది.

హైవే మీద సిమెంటు లారీలు మమ్మల్ని రాసుకుంటూ పోతున్నాయి. గాలికి స్కూటీ పక్కకి జరిగిపోతోంది. జెరూషా ఏదో చెబుతోంది, ఫోన్ నంబరేదో, పిల్లల హెల్ప్‌లైన్ అనో. నాకు సగమే వినపడుతోంది. నా తలలో ఒకటే తిరుగుతోంది. ఆ షాపులో గంప లేదు. చిన్న రేకుల షెడ్డు, గాలి మిషను, టైర్లు, ఇనుము. గంప లేనప్పుడు వాణ్ణి ఎందులో పెడతాడు? చిల్లకల్లు వచ్చింది. షాపుకి కాస్త ఇవతలే ఆపమన్నాను. నన్ను చూడకముందు ఆయన ఏం చేస్తున్నాడో నేను చూడాలి. జెరూషా స్కూటీ దగ్గరే ఆగి హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తోంది.

షాపు ముందు ఒక లారీ జాకీ మీద లేచి ఉంది. సర్ఫరాజ్ వెనక చక్రం విప్పుతున్నాడు. పక్కనే ఆదెమ్మ టీ కొట్టు. బెంచీ మీద ఇద్దరు డ్రైవర్లు. పిల్లాడు ఎక్కడా కనపడలేదు.

"రామ్మా రేహానా," అంది ఆదెమ్మ గ్లాసు తొలుస్తూ. రోడ్డు మీది లారీల మోతలో ఆయనకి వినపడలేదు. "పిల్లాడి కోసమా? అదిగో, అందులో ఉన్నాడు."

తడి చెయ్యి ఎత్తి చూపించింది. రేకుల కింద, సర్ఫరాజ్‌కి చెయ్యి చాపితే అందే దూరంలో, అరిగిపోయిన లారీ టైర్లు నాలుగు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి.

"పొద్దున్నే దించుతాడు. రోడ్డు మీదికి ఉరక్కుండా. భలే ఉపాయం తట్టింది మీ ఆయనకి. మొదట్లో గోల చేసేవాడు గానీ ఇప్పుడు అలవాటు పడ్డాడులే."

"మా వాణ్ణీ తెచ్చి ఇక్కడే దించుతానన్నా. కాస్త చోటుంచు," అన్నాడు ఒక డ్రైవరు. రెండోవాడు నవ్వాడు.

టైర్ల లోపల్నుంచి సన్నటి మూలుగు వచ్చింది. సర్ఫరాజ్ తల తిప్పలేదు. పక్కనున్న సమ్మెట ఒంటి చేత్తో ఎత్తి పై టైరు మీద వేశాడు. ఈగని తోలినట్టు వేశాడు. రబ్బరు అదిరింది. మూలుగు ఆగింది.

"అరుస్తావా?" అన్నాడు, బోల్టు తిప్పుతూనే. "పిలువు మీ అమ్మని."

"ఇంకా ఎంతసేపు భాయ్?" అన్నాడు డ్రైవరు.

"ఆ, రెండు నిమిషాలన్నా, అయిపోతుంది."

"పిలవక్కర్లేదు," అన్నాను. "వచ్చా."

ఆయన లేచే లోపల నేను టైర్ల దగ్గరికి వెళ్ళి లోపలికి వంగాను. కాలిన రబ్బరు కంపు, ఉచ్చ కంపు. ఖయ్యూమ్ నిలబడి ఉన్నాడు. కూర్చునే చోటు లేదు. భుజాలు రెండు వైపులా టైరుకి ఒరుసుకుని, చేతులు కిందికి ఇరుక్కుపోయి ఉన్నాయి. అంత చప్పుడులో చెవులు మూసుకుందామన్నా చేతులు పైకి రావు. పైకి చూస్తున్నాడు. నన్ను చూశాడో, నా వెనక రేకుల్ని చూశాడో తెలియదు. చంకల కింద చేతులు దూర్చాను. వాడు నా ముంజేతిని పళ్ళతో అందుకున్నాడు. ఎప్పుడూ లేనంతగా దిగాయి పళ్ళు. వదిలించుకోలేదు. పట్టుకో నాన్నా, గట్టిగా పట్టుకో అన్నాను. వాడు అలా కొరుకుతుండగానే పైకి లాగాను.

"ఎవర్నడిగి వచ్చావే?" సర్ఫరాజ్ నా భుజం పట్టి తిప్పాడు. "వాణ్ణి లోపల పెట్టు. లారీ పోవాలి."

"పెట్టను."

"చూశారా అన్నా?" అన్నాడు బెంచీ వైపు తిరిగి. "కన్నకొడుకు లారీ కింద పడి చావకుండా చూసుకుంటుంటే ఇదీ నాకు దక్కేది. ఇంట్లో అదుపు చెయ్యడం రాదు, ఇక్కడికొచ్చి నాటకాలు."

"నువ్వు దిగు అందులోకి," అన్నాను. "ఒక్క గంట. సమ్మెట నేను పడతా."

డ్రైవర్లు నవ్వారు. నా మీద కాదు, ఆయన మీద. అది ఆయనకి తెలిసింది. మొహం నల్లబడింది. నా నోటి మీద కొట్టాడు. పెదవి పగిలి పళ్ళకి అతుక్కుంది. నేను తూలాను. ఖయ్యూమ్ నా చేతుల్లోంచి జారాడు. ఆయన వాణ్ణి ఒంటి రెక్క పట్టుకుని గాల్లోకి లేపాడు.

"ఏమీ కాదు వీడికి. చూడండి, ఏడుస్తాడేమో."

వాడు ఏడవలేదు. కొరకలేదు, రక్కలేదు, కాళ్ళు కొట్టుకోలేదు. టైర్ల మీదికి తీసుకురాగానే రెండు పాదాలూ దగ్గరికి చేర్చుకున్నాడు, లోపలికి దిగడానికి వీలుగా.

బోల్టులు విప్పే ఇనుప రాడ్డు నా కాళ్ళ దగ్గరే పడి ఉంది. వంగి తీశాను. వాణ్ణి పట్టుకున్న చెయ్యి మీద, మోచేతికి కింద, కొట్టాను. ఎండు పుల్ల విరిగిన చప్పుడైంది. ఆయన అరిచాడు. పిల్లాడు పై టైరు అంచు మీద పడి నా వైపు దొర్లాడు. వాణ్ణి ఒక చేత్తో అందుకుని ఇంకోసారి కొట్టాను. రెండో దెబ్బ అవసరం లేదు. అయినా కొట్టాను. మూడోది కొట్టేదాన్నే. జెరూషా వెనకనుంచి వచ్చి నా నడుం పట్టుకుని లాగింది.

అప్పుడు ఎవరూ నవ్వలేదు.

ఆసుపత్రి వరండాలో సాయంత్రం ఎండ పడుతోంది. ఖయ్యూమ్ బల్ల కిందకి దూరి నా పాదం మీద తల పెట్టుకున్నాడు. నా ముంజేతికి కుట్లు పడ్డాయి. లోపల సర్ఫరాజ్ చేతికి కట్టు కడుతున్నారు. జెరూషా ఫోన్ చేసిన హెల్ప్‌లైన్ నుంచి పోలీసులకి కబురు వెళ్ళింది. ఎస్సై భవానీప్రసాద్ వచ్చి అందర్నీ ఒక్కొక్కరుగా అడుగుతున్నాడు.

జాకీ జారిందని సర్ఫరాజ్ చెప్పాడు. లారీ ఒరిగి చెయ్యి నలిగిందట. డ్రైవర్లూ అదే చెప్పారు. ఆదెమ్మ నా వైపు చూడకుండా, "అవునయ్యా, జాకీయే జారింది, పాపం" అంది. నా పెదవి గురించి అడిగితే, కంగారులో పడిపోయిందన్నారు. టైర్ల గురించి అడిగితే, ఏ టైర్లండీ అన్నారు.

జెరూషా నా పక్కన కూర్చుంది. "పిల్లాడి మీద నా రిపోర్టు నేనిస్తా. కానీ వాడు లోపల ఉండగా నేను చూళ్ళేదు. అనుమానం అని మాత్రమే రాయగలను."

మా బావగారు పీరా వచ్చి కాస్త దూరంగా నిలబడ్డారు. ఇన్నేళ్ళలో మొదటిసారి నా మొహం చూసి మాట్లాడారు.

"రేహానా, వాడే చెప్పాడు కదమ్మా జాకీ జారిందని. నీ మీదికి రానివ్వలేదు. వాడి మంచితనం అది. నువ్వు ఊఁ అంటే చాలు, అందరం ఇంటికెళ్దాం. ఆ హాస్టల్ మాట మర్చిపో. నేను చెబుతా వాడికి. పిల్లాడు నీ దగ్గరే ఉంటాడు."

"ఆడదాని చేతిలో దెబ్బ తిన్నాడని తెలిస్తే వాడు బజార్లో తలెత్తుకుంటాడా?" అంది అత్త, ముక్కు చీదుతూ. "వాడి పరువు తీయకే. నీ కాళ్ళు పట్టుకుంటా."

నాకు కావలసింది అదే. పిల్లాడు నా దగ్గర ఉండటం. నిన్నటిదాకా అంతకంటే ఏమీ అడగలేదు నేను. ఊఁ అంటే చాలు. కేసు లేదు, జైలు లేదు, ఆదివారం లేదు. కట్టు విప్పేదాకా ఆయన మెత్తగా ఉంటాడు. ఆ తర్వాత ఒక పొద్దున బండి స్టార్ట్ చేసి, వాణ్ణి పంపు, ఇంట్లో నీకు చేతకాదు అంటాడు. జాకీ జారిన ఊళ్ళో ఆ టైర్లలో ఎవరూ లేరు. ఎవరూ లేనప్పుడు ఎవరూ అరవలేదు. ఎవరూ అరవనప్పుడు నేను ఎందుకొచ్చినట్టు? రాడ్డు ఎందుకు తీసినట్టు? ఆయన చెయ్యి ఎలా విరిగిందో చెబితేనే నా కొడుకు ఎక్కడ ఉన్నాడో చెప్పగలను. ఆయన తన పరువు కోసం దాచింది నా దెబ్బని. దాంతోపాటు పిల్లాణ్ణి కూడా దాచేశాడు. నేను ఊఁ అంటే వాణ్ణి మళ్ళీ లోపలికి దింపినట్టే. ఈసారి నా చేత్తో.

ఎస్సై నా ముందుకొచ్చి కుర్చీ లాక్కున్నాడు. "చెప్పమ్మా. జాకీ జారినప్పుడు మీరు ఎక్కడున్నారు?"

లోపలి గది తలుపు దగ్గర సర్ఫరాజ్ నిలబడి ఉన్నాడు, మెళ్ళో చెయ్యి వేలాడేసుకుని. బెదిరిస్తున్నట్టు లేడు. మొదటిసారి నన్ను బతిమాలుతున్నట్టు చూస్తున్నాడు. బల్ల కింద ఖయ్యూమ్ వేళ్ళు నా చీలమండ చుట్టూ బిగుసుకున్నాయి.

"జాకీ జారలేదండి," అన్నాను. "నేను కొట్టా. ఇనుప రాడ్డుతో రెండుసార్లు."

పెన్ను ఆగింది. "అలా రాస్తే మీ మీద కూడా కేసవుతుంది. తెలుసా?"

"తెలుసు. అలాగే రాయండి. ఎందుకు కొట్టానో ఇప్పుడు చెబుతా, అదీ రాయండి."